తుపాకీ నుంచి బొమ్మల పుస్తకం దాకా: సలీం అలీ జీవితయానం

ఒక పక్షిని నిశ్చయంగా గుర్తించాలంటే ముందు దానిని కాల్చి చేతిలోకి తీసుకోవాలన్నది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా పక్షి శాస్త్రంలో సాగిన పద్ధతి. తుపాకీ, తీరిక, విలువైన గ్రంథాలు, సర్కారు కొలువు ఉన్నవారికే ఆ విద్య అందేది. దానిని ఒక బొమ్మల పుస్తకంగా మలచి బడిపిల్లలకూ, గుమాస్తాలకూ, గృహిణులకూ అందించిన వ్యక్తి సలీం అలీ. నేడు దేశంలో వేలాది సామాన్యులు తాము చూసిన పక్షులను లెక్కగట్టి శాస్త్రానికి అందిస్తున్నారంటే ఆ ఒరవడికి బలమైన పునాది వేసినవారిలో ఆయన అగ్రగణ్యులు. తెలుగు నేలతో ఆయనకున్న బంధం హైదరాబాద్ సంస్థానంలో మొదలై, కడప అడవుల్లోని కలివికోడి దాకా సాగింది.

పసుపు గొంతు పిచ్చుక

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి కన్నుమూశారు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఖేత్‌వాడీలోని తమ ఇంట్లో ఆ పిల్లలను పెంచి పెద్దచేశారు. వేటను గొప్ప వినోదంగా భావించే రోజులవి. మేనమామ ఇచ్చిన చిన్న గాలి తుపాకీతో పిచ్చుకలను కొట్టడం ఆ బాలుడికి నిత్యకృత్యం.

పదేళ్ల ప్రాయంలో కొట్టిన పిచ్చుకల్లో ఒకటి మిగిలినవాటికి భిన్నంగా కనిపించింది. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అది ఏ పక్షో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మేనమామ పరిచయ లేఖ రాసి, బాలుడిని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి వాల్టర్ శామ్యూల్ మిల్లార్డ్ వద్దకు పంపారు. అది పసుపు గొంతు పిచ్చుక అని మిల్లార్డ్ తేల్చారు. అంతటితో ఆగక, సొసైటీ బీరువాల సొరుగులు తెరిచి దేశంలోని రకరకాల పక్షుల నమూనాలను చూపించారు. చదువుకోమని పుస్తకాలూ ఇచ్చారు. బొంబాయి పరిసరాల్లో తరచూ కనిపించే పక్షుల గురించి ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్కెన్ సాధారణ పాఠకుల కోసం రాసిన పుస్తకం వాటిలో ఒకటి. ఒక పెద్దమనిషి ఓపికగా సమాధానం చెప్పడం, ఒక సులభమైన పుస్తకం చేతికందడం ఆ బాలుడి జీవితాన్ని మలుపు తిప్పాయి. తర్వాతి కాలంలో సలీం అలీ దేశంలోని పిల్లలందరికీ అందించదలచుకున్నదీ ఇదే.

డిగ్రీ లేని శాస్త్రవేత్త

చదువు సాఫీగా సాగలేదు. తీవ్రమైన తలనొప్పులతో బడి తరచూ మానవలసి వచ్చేది. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద పూర్తయింది. సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేరినా త్వరలోనే వదిలి, కుటుంబ వ్యాపారమైన టంగ్‌స్టన్ గనులనూ కలపనూ చూసుకునేందుకు బర్మాలోని తవోయ్ వెళ్లారు. అక్కడి అడవుల్లో వ్యాపారం కన్నా పక్షులే ఆయన మనసును ఆకట్టుకున్నాయి. 1917లో తిరిగివచ్చి వాణిజ్య విద్య అభ్యసిస్తూనే, ఫాదర్ ఎథెల్‌బర్ట్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో తెహ్మీనాతో వివాహమైంది.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం కోసం ఆయన ప్రయత్నించారు. విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంతో అది దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరిచిన ప్రకృతి చరిత్ర విభాగానికి వచ్చే సందర్శకులకు వివరించే గైడ్ లెక్చరర్ కొలువు దొరికింది. గాజు పెట్టెల్లోని జంతువుల గురించి సామాన్య ప్రేక్షకులకు, విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడమే ఆ ఉద్యోగం. తర్వాత సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధుల కొరతతో ఆ కొలువే రద్దయింది.

ఉద్యోగం లేని ఆ రోజుల్లో దంపతులు బొంబాయికి సమీపాన సముద్రతీర గ్రామమైన కిహీమ్‌కు మకాం మార్చారు. ఇంటి దగ్గరే గిజిగాళ్ల గూళ్లు ఉన్నాయి. జాషువా పద్యాల ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ఆ నేతగాడి కాపురాన్ని సలీం అలీ వర్షాకాలమంతా గంటల తరబడి గమనించారు. మగ పక్షి గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడ పక్షి వచ్చి పరీక్షించి, నచ్చితే అందులో చేరుతుంది. అప్పుడు మగ పక్షి ఆ గూడును పూర్తిచేసి, మరో ఆడ పక్షి కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఈ క్రమాన్ని ఆయన సవివరంగా ప్రకటించారు. ప్రయోగశాల, జీతం, పట్టా ఏవీ లేని మనిషి కళ్లను, కలాన్ని, ఓపికను నమ్ముకుని చేసిన పరిశోధన అది.

హైదరాబాద్ సంస్థానంలో తొలి సర్వే

ఉద్యోగం లేకపోవడమే ఆయనను దేశాటనకు పురిగొల్పింది. పక్షుల వివరాలు సరిగా నమోదు కాని సంస్థానాలు అప్పటికి చాలా ఉన్నాయి. ప్రయాణ, విడిది ఖర్చులు భరిస్తే చాలు, జీతం తీసుకోకుండా సర్వే చేసిపెడతానని ఆయన ప్రతిపాదించారు. అలా సాగిన సర్వేల్లో మొదటిది హైదరాబాద్ సంస్థానంలో 1931-32లో జరిగింది. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతపు కొన్ని జిల్లాలు ఆనాటి నిజాం ఏలుబడిలో ఉండేవి. తెహ్మీనా కూడా భర్తతో పాటు అడవి విడుదుల్లో గడిపారు.

సేకరించిన నమూనాలను, క్షేత్రంలో రాసుకున్న వివరాలను క్రోడీకరించి, ఆంగ్ల పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్ వ్యాఖ్యలను జోడించి, సొసైటీ పత్రికలో 1933-34లో విడతలవారీగా ప్రచురించారు. ఏ పక్షి ఎక్కడ, ఏ రుతువులో కనిపించింది, ఏమి తింటోంది, ఎప్పుడు గూడు కడుతోంది అన్న వివరాలు వాటిలో చోటుచేసుకున్నాయి. దక్కను పీఠభూమి పక్షుల నాటి స్థితికి అవి నేటికీ ప్రమాణ పత్రాలు. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇందోర్, భోపాల్ సంస్థానాల్లోనూ ఆయన సర్వేలు నిర్వహించారు. ఈ కృషిలో వెన్నంటి నిలిచిన తెహ్మీనా 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం మరణించారు. ఆ తర్వాత ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

అధికారుల కాలం, అండమాన్ యాత్ర

సలీం అలీ చేసిన మార్పు విలువ తెలియాలంటే ఆయనకు ముందున్న కాలాన్ని చూడాలి. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరిగా చరిత్ర పుస్తకాల్లో కనిపించే అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ 19వ శతాబ్దంలో భారత పక్షి శాస్త్రానికి పెద్దదిక్కు. దేశమంతటా ఉన్న పరిచయస్తులు ఆయనకు నమూనాలూ వివరాలూ పంపేవారు. వాటిని ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రికలో ఆయన ప్రచురించేవారు. 1873లో స్వయంగా అండమాన్, నికోబార్ దీవులకు యాత్ర చేసి అక్కడి పక్షులను సేకరించారు. అనేకులు కలిసి పోగుచేసే విజ్ఞానానికి అది తొలి రూపమే. అయితే అందులో పాలుపంచుకున్నవారిలో అత్యధికులు తెల్లదొరలు, సైనిక, సివిల్ అధికారులు.

ఆ విజ్ఞానం ఒకే ఇంట్లో పోగుపడటం వల్ల కలిగే నష్టం కూడా హ్యూమ్‌కే అనుభవమైంది. సిమ్లాలోని ఆయన ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చిన రాతప్రతులను ఒక పనివాడు చిత్తు కాగితాల కింద అమ్మేశాడు. తలపెట్టిన మహాగ్రంథం ఆగిపోయింది. మనసు విరిగిన హ్యూమ్ 80 వేలకు పైగా పక్షి చర్మాలను, గుడ్లను బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చేశారు. భారతీయ విద్యార్థి తన దేశపు పక్షులను చూడాలంటే లండన్ వెళ్లవలసిన పరిస్థితి మరింత బలపడింది.

1941 నాటి పుస్తకం

ఈ నేపథ్యంలో 1941లో సలీం అలీ రచించిన ‘ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ను బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రచురించింది. ప్రతి పక్షికీ ఒక రంగుల బొమ్మ ఉంటుంది. పరిమాణం, గుర్తులు, దొరికే ప్రాంతం, అలవాట్లు, గూడు కట్టే తీరు క్లుప్తంగా, సరళంగా ఉంటాయి. పక్షి ఎంత పెద్దదో చెప్పడానికి ఆయన అంగుళాలను నమ్ముకోలేదు. పిచ్చుక, పికిలిపిట్ట, గోరింక, పావురం, కాకి, గద్ద వంటి అందరికీ తెలిసిన పక్షులే కొలబద్దలు. కొత్త పక్షి పిచ్చుక కన్నా పెద్దదా, గోరింకంత ఉందా అని పోల్చుకుంటే చాలు. శాస్త్ర పరిభాష రాని పన్నెండేళ్ల పిల్ల కూడా ఈ పద్ధతిలో పక్షిని పోల్చుకోగలదు. చంపనవసరం లేదు, చేతిలోకి తీసుకోనవసరం లేదు. కంటితో చూసి, బొమ్మతో సరిపోల్చుకుంటే గుర్తింపు పూర్తవుతుంది.

డెహ్రాడూన్ జైలులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఈ పుస్తకాన్ని కుమార్తె ఇందిరకు పంపారు. పక్షుల లోకం పట్ల ఆమెకు కన్ను తెరిపించింది అదే. దశాబ్దాల తర్వాత ప్రధానిగా ఆమె తీసుకున్న వన్యప్రాణి సంరక్షణ నిర్ణయాల వెనుక ఆ ఆసక్తి ఉంది. ఆకాశవాణిలోనూ సలీం అలీ నాలుగు దశాబ్దాలకు పైగా ప్రసంగాలు చేసి శ్రోతలకు పక్షులను పరిచయం చేశారు.

అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి 1968-74 మధ్య వెలువరించిన పది సంపుటాల గ్రంథం పండితులకు ఆకరమైంది. ఆ మహత్కార్యంలో మునిగి ఉన్నా ఆయన చిన్న పుస్తకాలను విస్మరించలేదు. మేనకోడలు లయీక్ ఫతేహల్లీతో కలిసి రాసిన ‘కామన్ బర్డ్స్’ను నేషనల్ బుక్ ట్రస్ట్ 1967లో తక్కువ ధరకు తెచ్చింది. అది హిందీలోకీ ఇతర భాషల్లోకీ అనువాదమైంది. అదే సంస్థ నెహ్రూ బాల పుస్తకాలయం పేరిట పిల్లల కోసం బొమ్మల పుస్తకాల వరుసను నడిపింది. బిహార్‌లో పక్షులపై ఒంటరిగా పరిశోధన సాగించిన జమాల్ ఆరా ఈ వరుసలో 1970లో ‘వాచింగ్ బర్డ్స్’ రాశారు. పక్షిని ఎలా చూడాలో, ఏమి గమనించాలో భారతీయ బాలలకు నేర్పిన తొలితరం పుస్తకాల్లో అది పేర్కొనదగినది.

చూసినవారి లెక్కలే సాక్ష్యం

పుస్తకం చదివి పక్షులు చూడటం నేర్చినవారికి తాము చూసింది చెప్పుకునే వేదిక కావాలి. 1959లో జాఫర్ ఫతేహల్లీ ప్రారంభించిన ‘న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్’ ఆ లోటు తీర్చింది. ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, విద్యార్థులు తమ ఊరి చెరువులో దిగిన వలస బాతుల గురించీ, పెరటి గూళ్ల గురించీ అందులో రాశారు. అదే కాలంలో సలీం అలీ నాయకత్వంలో వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగే కార్యక్రమం మొదలైంది. ఉంగరం మీద ఒక సంఖ్య, సొసైటీ చిరునామా ఉంటాయి. వేల కిలోమీటర్ల దూరాన ఎవరికైనా ఆ పక్షి దొరికి, సమాచారం అందిస్తే వలస మార్గం బయటపడుతుంది. ఆ అపరిచితుడి స్పందన మీదనే ఆ పరిశోధన అంతా ఆధారపడి ఉంటుంది.

నమోదు ఎందుకు అవసరమో రాబందుల విషాదం చాటింది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ చిత్తడి నేలల రక్షణకు సలీం అలీ ఎంతో పాటుపడ్డారు. అక్కడ 1980లలో సొసైటీ పరిశోధకులు రాబందుల సంఖ్యను నమోదు చేసి ఉంచారు. 1990లలో మళ్లీ లెక్కించినప్పుడు అవి ఘోరంగా పడిపోయినట్లు తేలింది. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులను చంపుతోందని 2004లో రుజువైంది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందులు దేశంలో 99 శాతానికి పైగా అంతరించాయి. పాత లెక్కలు లేకుంటే ఈ పతనం ఇంకెంత ఆలస్యంగా వెలుగుచూసేదో ఊహించవచ్చు.

కలివికోడి కథ

సలీం అలీ జీవిత చరమాంకంలో తెలుగు నేల ఆయనకొక శుభవార్త అందించింది. 1848లో థామస్ జెర్డన్ ప్రపంచానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు. 1930లలో తూర్పు కనుమల్లో జరిగిన సర్వేలోనూ, తర్వాతి అన్వేషణల్లోనూ దాని జాడ దొరకలేదు. అది అంతరించిపోయిందనే చాలామంది భావించారు.

1980ల మధ్యలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మరోసారి గాలింపు చేపట్టింది. పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో వేటగాళ్లతో, పశువుల కాపరులతో మాట్లాడి వారికి తెలిసిన సంగతులు సేకరించారు. పొదల మధ్య రాత్రివేళ తిరిగే ఆ పిట్ట స్థానికులకు అపరిచితం కాదు. పగటిపూట వెతికిన పండితులకే అది దొరకలేదు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దానిని సజీవంగా పట్టుకోవడంతో 86 ఏళ్ల అన్వేషణ ఫలించింది. ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు గాని, జాతి మనుగడ నిర్ధారణ అయింది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాతి కాలంలో తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం ఈ పక్షి ఆవాసం కోసం మార్చారు. చదువురాని మనిషి పరిశీలన శాస్త్రానికి ఎంత విలువైనదో చెప్పడానికి దేశంలో ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

దీవుల దాకా వారసత్వం

1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. అంతర్జాతీయ పాల్ గెట్టీ బహుమతి ద్వారా లభించిన సొమ్మును ప్రకృతి పరిరక్షణ నిధికి మూలధనంగా ఇచ్చారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏట ఆత్మకథ వెలువడింది. దాని పేరులో బాల్యంలో నేలకూలిన పిచ్చుకకే చోటిచ్చారు. తొంభై ఏళ్లు నిండిన సలీం అలీ 1987 జూన్ 20న బొంబాయిలో కన్నుమూశారు.

1990లో కోయంబత్తూరు వద్ద ఆయన పేరిట పక్షి శాస్త్ర, ప్రకృతి చరిత్ర కేంద్రం ఏర్పడింది. ఆ కేంద్రానికి చెందిన రవి శంకరన్ 1990లలో నికోబార్ దీవుల్లో తిరిగి, మట్టి, ఆకులతో దిబ్బలు పేర్చి గుడ్లు పొదిగించే నికోబార్ మెగాపోడ్ పక్షులను లెక్కించారు. 2004 సునామీ తీరప్రాంతపు దిబ్బలను ముంచెత్తింది. తర్వాత జరిగిన సర్వేలో ఆ పక్షుల సంఖ్య సుమారు 70 శాతం తగ్గినట్లు తేలింది. ముందు లెక్క ఉన్నందునే ఆ నష్టాన్ని కొలవగలిగారు.

ఇప్పుడు ఈ లెక్కల భారాన్ని సామాన్యులే మోస్తున్నారు. ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో భారతీయులు 2013 నుంచి పాల్గొంటున్నారు. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలిచి, కనిపించిన పక్షులన్నిటినీ పేరు, సంఖ్య, సమయంతో నమోదు చేయడమే నియమం. అసాధారణమైన నమోదు వస్తే అనుభవజ్ఞులైన స్వచ్ఛంద పరిశీలకులు వివరాలు అడిగి సరిచూస్తారు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికకు 30 వేలకు పైగా పక్షి వీక్షకులు అందించిన 3 కోట్ల నమోదులే ఆధారం. 942 జాతుల స్థితిని అంచనా వేసిన ఆ నివేదిక, 178 జాతులపై తక్షణ శ్రద్ధ అవసరమని తేల్చింది.

ఇందులో అరుదైన పక్షికే కాక కాకి, పిచ్చుకలకూ విలువ ఉంది. తెలుగువారు తరాలుగా స్థిరపడిన అండమాన్‌లోని శ్రీ విజయపురమే ఇందుకు నిదర్శనం. అక్కడి గోల్ ఘర్ వీధుల్లో ఒక విద్యార్థికి పిచ్చుక, గోరింక కనిపిస్తే, అవి వలస పాలన కాలంలో మనుషులు ప్రధాన భూభాగం నుంచి తెచ్చి వదిలిన పక్షుల సంతతి. అడవి వైపు వెళితే అండమాన్ వడ్రంగిపిట్ట, అండమాన్ అడవి పావురం వంటివి ఆ దీవుల సొంతం. నార్కొండం హార్న్‌బిల్ ఒక్క చిన్న దీవికే పరిమితం. పరాయి పక్షి ఎంత విస్తరిస్తోంది, సొంత పక్షి ఎంత తగ్గుతోంది అన్న ప్రశ్నలకు ఏళ్ల తరబడి అక్కడివారు రాసే నమోదులే సమాధానమిస్తాయి.

అందుకు తొలి మెట్టు పిల్లల చేతికి వారి భాషలో, వారి ఊరి పక్షుల బొమ్మలున్న పుస్తకం చేరడం. పాలపిట్ట, పికిలి, గిజిగాడు, కలివికోడి వంటి పేర్లు తెలుగు ఇళ్లలో తరాలుగా నిలిచినవి. ఆ పేరు పక్కన బొమ్మ, ఆ బొమ్మ పక్కన తేదీ, చోటు, సంఖ్య రాసుకునేందుకు కాస్త ఖాళీ ఉంటే చాలు. సలీం అలీ జయంతి అయిన నవంబరు 12ను దేశంలో పక్షి ప్రేమికులు పక్షుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. బడులలో ఆ రోజు ఉపన్యాసంతో ముగించకుండా, పిల్లలను ఊరి చెరువు గట్టుకు తీసుకువెళ్లి తొలి జాబితా రాయించడం ఆయన పనికి నిజమైన కొనసాగింపు.